గేటు దగ్గర మాట కుదరాలి: 2025–26 వార్షిక నివేదిక

బెంగళూరులోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మామూలుగా ఈ నివేదికలో ఉగాది, సంక్రాంతి, వనభోజనాలు, పిల్లల పోటీలు వరసగా రాసి చివర్లో జమాఖర్చులు పెట్టి ముగిస్తాం. అవన్నీ ఈ ఏడాదీ జరిగాయి, బాగా జరిగాయి. ముగ్గుల పోటీకి పక్క అపార్ట్‌మెంట్ల నుంచి కన్నడ, తమిళ కుటుంబాలు కూడా వచ్చాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేశారు కాబట్టి పండగల సంగతి ఇంతటితో ఆపుతున్నాం. ఆడిట్ అయిన లెక్కలు సర్వసభ్య సమావేశం నోటీసుతోపాటు విడిగా పంపిస్తున్నాం, ప్రశ్నలుంటే అక్కడ అడగండి.

ఇక మిగతాదంతా ఒక్క పని గురించే. ఈ ఏడాది సంఘం టైమూ, వాలంటీర్ల ఓపికా ఎక్కువగా ఖర్చయింది దీనిమీదే. మన ఇళ్లకు వచ్చి పనిచేసేవాళ్లకీ మనకీ మధ్య మాట కుదరకపోవడం గురించి.

మారతహళ్లి, మున్నేకొలాల, కుందలహళ్లి వైపు ఉన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. డెలివరీ కుర్రాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు, ఇంటిపనికొచ్చే ఆడవాళ్లు, పెద్దవాళ్లని చూసుకునే ఆయాలు, సెలూన్లలో హోటళ్లలో పనిచేసే పిల్లలు చాలామంది అస్సాం, బెంగాల్, ఒడిశా, బీహార్, జార్ఖండ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. ఇటుపక్క మనం తెలుగువాళ్లం, ఎదురింట్లో కన్నడిగులు, పైఅంతస్తులో తమిళులు. 2011 జనాభా లెక్కల నాటికే బెంగళూరు జిల్లాలో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్లు సగానికి తక్కువ. అంటే ఈ ఊళ్లో రోజూ జరిగే మాటల్లో బోలెడన్ని, ఇద్దరిలో ఏ ఒక్కరికీ సొంతం కాని భాషలో జరుగుతాయి. మన అమ్మమ్మలకి రాని హిందీలో, ఆ పిల్లలు ఇక్కడికొచ్చాకే సరిగ్గా నేర్చుకున్న హిందీలో. "వాళ్లంతా హిందీవాళ్లేగా" అని మనలో చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఒకరిది అస్సామీ, ఒకరిది బోడో, ఇంకొకరిది ఒడియా. బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చినవాళ్లలో మనంత బాగా తెలుగు మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారు, కానీ మనం అడగం, వాళ్లు చెప్పరు.

మాట అర్థం కానప్పుడు నష్టం ఇద్దరికీ సమానంగా పడదు, ఎప్పుడూ పనిచేసేవాళ్ల మీదే పడుతుంది. అడ్రస్ కుదరక ఆర్డరు ఆలస్యమైతే మనకి యాప్‌లో డబ్బులు తిరిగొస్తాయి, ఆ కుర్రాడికి మాత్రం రేటింగ్ పడిపోతుంది, గేటు దగ్గర నిలబడ్డ టైముకి పైసా రాదు. ఇంటిపని చేసే అక్కకి చెప్పింది అర్థం కాకపోతే "మాట వినదు" అని మాన్పించేస్తారు. అందుకే కమిటీ మొదటి సమావేశంలోనే ఒకటి తేల్చుకున్నాం. వాళ్లకి భాష నేర్పడం ఎంత ముఖ్యమో, మన సభ్యులు మాట్లాడే తీరు మార్చుకోవడం అంతే ముఖ్యం, కాబట్టి సగం పని మన ఇళ్లల్లోనే జరగాలి.

ఓటీపీ, అడ్రస్

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతున్నాయి. మనం ఓటీపీని "డబుల్ ఎయిట్ ట్వెంటీ నైన్" అని గబగబా చెప్పేస్తాం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకి కూడా ఇంగ్లిష్ అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి, ఎయిట్, ఎయిట్, టూ, నైన్ అని విడివిడిగా చెబితే తప్పుపోదు. ట్వెంటీ నైన్, డబుల్, ట్రిపుల్ అనేసరికే తడబడతారు. దీన్ని సభ్యులందరికీ చెప్పాం, కొందరు నవ్వారు కూడా, కానీ పాటించినవాళ్లు తేడా తెలిసిందనే చెప్పారు.

అడ్రసు ఇంకా పెద్ద తంటా. ఈ ఊళ్లో మెయిన్లూ క్రాసులూ ప్రతి లేఅవుట్‌లోనూ ఒకటి నుంచి మళ్లీ మొదలవుతాయి. కోరమంగళలో 8 బ్లాకులు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో 7 సెక్టార్లు, మన పక్క ఏ లేఅవుట్‌కి ఆ లెక్కే వేరు. పుట్టి పెరిగినవాళ్లే తప్పిపోయే ఊళ్లో, నిన్నగాక మొన్న రైలు దిగిన పిల్లాడికి ఫోన్లో "రామాలయం వెనక సందులో, పాత పాలబూత్ దాటాక" అని తెలుగు కలిసిన హిందీలో అరిచి చెబితే ఏం తెలుస్తుంది? పైగా అతను బండిమీద, హెల్మెట్ లోపల ఫోను, చుట్టూ అవుటర్ రింగ్ రోడ్డు హారన్లు. మేం చేసిందల్లా మూడు అపార్ట్‌మెంట్ల సంఘాలతో మాట్లాడి, డెలివరీకి ఏ గేటు, ఏ టవరు ఎటు, ఏ లిఫ్టు వాడొచ్చు అన్నది బొమ్మతో, బాణం గుర్తులతో పెద్ద బోర్డుగా గేటు దగ్గర పెట్టించడం. బోర్డు మీద కన్నడం పైన, మిగతావి కింద. ఇళ్లలో కూడా యాప్‌లో పిన్ సరిగ్గా పెట్టమని, అడ్రసు గడిలో గేటు నంబరు రాయమని వెంటపడి చెప్పాం. ఒక అపార్ట్‌మెంట్‌లో డెలివరీవాళ్లు మామూలు లిఫ్టు ఎక్కకూడదన్న రూలు మీద గట్టిగా వాదించాల్సి వచ్చింది. రూలు ఇంకా అలాగే ఉంది. అది భాష సమస్య కాదు, మర్యాద సమస్య, కమిటీ దాన్ని వదిలేయదు.

మాత్రల కార్డు

ఈ ఏడాది చేసిన వాటిలో కమిటీ అందరికీ దగ్గరగా అనిపించింది ఇది.

మన సభ్యుల ఇళ్లలో ఒక పెద్దావిడ ఉన్నారు, బాపట్ల దగ్గర పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు, తెలుగు తప్ప ఇంకో మాట రాదు. ఆవిడని చూసుకునే అమ్మాయిది జార్ఖండ్, అక్కడి సాద్రి భాష మాట్లాడుతుంది, హిందీ ఓ మోస్తరుగా వచ్చు. కొడుకూ కోడలూ ఆఫీసుల్లో. పగలంతా ఆ ఇద్దరే. ఒకళ్లంటే ఒకళ్లకి చాలా ఇష్టం, కలిసి టీవీ చూస్తారు, తల దువ్వుకుంటారు. కానీ థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, షుగర్ మాత్ర తిండితోపాటు, బీపీది వేరే వేళకి, ఇవి ఆ పిల్లకి ఎలా చెప్పాలి? పెద్దావిడ చేత్తో సైగ చేస్తే అమ్మాయి అన్నం పెట్టమంటున్నారనుకుంది. కొన్నాళ్లు థైరాయిడ్ మాత్ర టిఫిన్ తర్వాతే పడింది, రక్తపరీక్షలో అంకెలు తేడాగా వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

వాళ్ల కోసం మన వాలంటీరు ఒకావిడ, ఫార్మసీ చదివినావిడ, ఒక కార్డు తయారుచేశారు. అట్టముక్క మీద ఎడమవైపు పొద్దు పొడుస్తున్న సూర్యుడు, నడినెత్తి మీద సూర్యుడు, చందమామ. ప్రతిదాని పక్కన ఒక కంచం, ఖాళీదో అన్నం పెట్టిందో. ఆ పక్కన అయిపోయిన మాత్రల స్ట్రిప్‌లో ముక్క కత్తిరించి అతికించారు, రేకు రంగూ అక్షరాలూ కనబడేలా. బొమ్మ చూసి, చేతిలో స్ట్రిప్‌ని కార్డు మీది ముక్కతో పోల్చుకుని ఇస్తే చాలు, చదవాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ అమ్మాయే పక్క టవర్‌లో ఇంకో ఆయాకి ఎలా చూడాలో నేర్పింది.

ఇలాంటి కార్డు కావాలన్న ఇళ్లన్నిటికీ చేసిచ్చాం. వాడేవాళ్లు రెండు సంగతులు మర్చిపోవద్దు. మందుల షాపువాళ్లు ఒక్కోసారి అదే మందు వేరే కంపెనీది ఇస్తారు, అప్పుడు రేకు రంగు మారిపోతుంది, కార్డు మీద ముక్క కూడా ఆ రోజే మార్చాలి. డాక్టరు రాసిన చీటీతో కార్డుని ఇంట్లోవాళ్లే సరిచూసుకోవాలి. ఇన్సులిన్ మోతాదు కార్డుల మీద వేయం, అది కుటుంబమో నర్సో చూసుకోవాల్సిందే.

కన్నడ తరగతి

మధ్యాహ్నం మూడు దాటాక లంచ్ ఆర్డర్లు తగ్గి, సాయంత్రం రద్దీ మొదలయ్యేదాకా డెలివరీ కుర్రాళ్లకి కాస్త ఖాళీ దొరుకుతుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకి కూడా ఓ ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య అప్పుడే తీరిక. అందుకని సంఘం హాల్లో వారంలో రెండు మధ్యాహ్నాలు తరగతి పెట్టాం. రిటైరైన కన్నడ టీచరు గారు, మన వీధిలోనే ఉంటారు, ఒక్క రూపాయి తీసుకోకుండా చెబుతున్నారు. వ్యాకరణం ఏమీ లేదు, పనికొచ్చే మాటలే. అందరికంటే ముందు నేర్పింది "నిధానవాగి హేళి", నెమ్మదిగా చెప్పండి అని. ఆ ఒక్క మాట కన్నడంలో వినబడితే చాలు, చిరాకు పడబోయిన కన్నడ పెద్దాయన కూడా ఆగి మళ్లీ చెబుతారు, ఇది మేం కళ్లారా చూశాం. తర్వాత ఎడమ, కుడి, ఎన్నో అంతస్తు, "గేట్ హత్ర ఇద్దీని" (గేటు దగ్గర ఉన్నాను), చిల్లర లేదు, ఇలాంటివి.

నిజం చెప్పాలంటే చాలామంది మొదట వచ్చింది కన్నడం కోసం కాదు. హాల్లో ఫోను చార్జింగ్ పెట్టుకోవచ్చు, చల్లటి నీళ్లుంటాయి, బాత్రూం ఉంటుంది. రోజంతా రోడ్డు మీద తిరిగే మనిషికి బాత్రూం దొరకడం ఎంత కష్టమో మనకి తట్టదు, ఆడవాళ్లయితే మరీ. అలా వచ్చి కూర్చున్నవాళ్లు వింటూ వింటూ నేర్చుకున్నారు. రావడానికి కుదరంది సెక్యూరిటీ వాళ్లకే. పన్నెండు గంటల డ్యూటీ చేసేవాణ్ని తరగతికి రమ్మనడం అన్యాయం. వాళ్లకి గేటు దగ్గరే, కుర్చీ పక్కన నిలబడి, మన కాలేజీ పిల్లలు రోజుకి రెండు మాటలు చెప్పారు.

ఈ తరగతికి మన తెలుగు సభ్యులు కూడా వచ్చారని చెప్పడానికి చాలా సంతోషంగా ఉంది. పదిహేను, ఇరవై ఏళ్లుగా ఇక్కడుంటూ కన్నడం నోట పలకనివాళ్లు మనలో తక్కువేం కాదు. లిపి ఎలాగూ దగ్గరిదే, ఒకే పాత లిపి నుంచి రెండూ విడిపోయాయి, బోర్డులు చదవడం మనవాళ్లకి వారాల్లో వచ్చేసింది. మనం నేర్చుకోకుండా ఒడిశా కుర్రాణ్ని "కన్నడం రాదా" అని అడిగే హక్కు మనకి లేదు. ఇది కమిటీ అభిప్రాయం.

షాపుల్లో గొడవలు, యజమానుల బాధ్యత

కౌంటర్ దగ్గర "కన్నడంలో మాట్లాడు", "హిందీలో చెప్పు" అని మొదలై, ఎవరో వీడియో తీసి, సాయంత్రానికి ఊరంతా తిరిగే గొడవలు మనందరం చూస్తున్నాం. కన్నడనాట కస్టమరు కన్నడంలో మాట్లాడమని అడగడం తప్పు కాదు. వారం కిందట వచ్చిన పిల్లాడికి కన్నడం రాకపోవడమూ నేరం కాదు. అతన్ని ఊరు కాని ఊరు నుంచి తెచ్చి, ఒక్క పూట కూడా భాష చెప్పకుండా కౌంటర్లో నిలబెట్టిన యజమాని మాత్రం ఆ వీడియోలో ఎక్కడా కనబడడు. అందుకే మన పరిసరాల్లో ఉన్న సూపర్‌మార్కెట్లు, సెక్యూరిటీ ఏజెన్సీలవాళ్లని కలిసి, కొత్తవాళ్లకి జీతమిచ్చే పనిగంటల్లోనే వారం రోజులు కన్నడం నేర్పించండి, టీచర్ని మేం ఇస్తాం అన్నాం. ఒక ఏజెన్సీ ఒప్పుకుంది. మిగతావాళ్లు "మూడు నెలల్లో మానేసి పోతారు, ఎందుకు సార్" అన్నారు. మనిషి మాట కూడా కుదరని చోట నిలవడనీ, ఆ మానేయడానికి అదీ ఒక కారణమనీ వాళ్లకి నచ్చజెప్పాల్సి ఉంది.

సభ్యులకి ఒక విన్నపం. అలాంటి గొడవ కనబడితే ఫోను తీయకండి. మధ్యలోకెళ్లి రెండు మాటలు అటూ ఇటూ తర్జుమా చేయండి, చాలావరకు అక్కడితో చల్లారుతుంది.

చట్టం గురించి కూడా తరగతిలో చెబుతున్నాం. 2025లో కర్ణాటక ప్రభుత్వం యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికుల కోసం తెచ్చిన చట్టంలో, కంపెనీతో ఒప్పందం సరళమైన భాషలో, కార్మికుడికి తెలిసిన భాషలో ఉండాలనీ, తీసేసే ముందు కారణం చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వాలనీ ఉంది. ప్రతి లావాదేవీలో కార్మికుడికి ఇచ్చే మొత్తం మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కంపెనీలే కట్టాలి. మా తరగతికి వచ్చినవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. అయితే భాష విషయంలో రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు దాకానే చట్టం చూస్తుంది. అందులోని 22 భాషల్లో బోడో, సంతాలీ, నేపాలీ ఉన్నాయి, సాద్రి లేదు. పైగా నేరుగా ఇళ్లలో పనికి కుదిరే ఆడవాళ్లకి ఈ చట్టం వర్తించదు. అసంఘటిత కార్మికుల నమోదుకి కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్ కూడా 2025 జనవరి నుంచి 22 భాషల్లో వస్తోంది, నమోదు చేసుకోవడానికి ఎవరికి సాయం కావాలన్నా హాలుకి తీసుకురండి.

అభ్యంతరాలు

తెలుగు సంఘం డబ్బు తెలుగువాళ్లకే ఖర్చుపెట్టాలని కొందరు సభ్యులు గట్టిగానే అన్నారు. వాళ్ల మాటని పక్కన పెట్టలేదు, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం రోజున దీనిమీదే చర్చ పెట్టాం. ఆ రోజు మనం తలచుకునే గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాళ్లకి చదువు చెప్పడానికి పుస్తకాలు రాసి, నిఘంటువు తయారుచేసిన మనిషి. వ్యావహారిక తెలుగు కోసం పోరాడింది ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. ఇంకో సంగతి కూడా ఆ రోజు మాట్లాడుకున్నాం. భివండి, సూరత్ మగ్గాల దగ్గర మనవాళ్లున్నారు, కువైట్ ఇళ్లల్లో కడప, కోనసీమ ఆడబిడ్డలున్నారు, పాలమూరు కూలీలు వెళ్లని ఊరు లేదు. ఇదే బెంగళూరు వీధులు పొద్దున్నే ఊడ్చే పౌరకార్మికుల్లో ఎంతమంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారో ఓసారి పలకరించి చూడండి. ఊరు కాని ఊళ్లో ఉన్న ఇలాంటి మనవాళ్లతో అక్కడెవరైనా నెమ్మదిగా, అర్థమయ్యేలా మాట్లాడితే బాగుండునని మనకి ఉండదా? చర్చ అయ్యాక చేతులెత్తించి ఓటు పెట్టాం, పని కొనసాగించాలనే ఎక్కువమంది అన్నారు. ఖర్చుకి పరిమితి పెట్టాలన్న సూచన మంచిది, ఒప్పుకున్నాం.

వచ్చే ఏడాది

కన్నడేతరులకి కన్నడం నేర్పే తరగతులకు కన్నడ అభివృద్ధి ప్రాధికార అనే ప్రభుత్వ సంస్థ తోడ్పడుతుంది, దానికి దరఖాస్తు పెడతాం. మాత్రల కార్డు లాగానే వంటింటి కార్డు, బట్టలు ఉతికే మెషీన్ కార్డు అడుగుతున్నారు, బొమ్మలు వేయగలిగే పిల్లలు కావాలి. ఒడియా, బెంగాలీ, అస్సామీ ఓ మాదిరిగా వచ్చిన సభ్యులు ఎవరైనా ఉంటే పేరివ్వండి, వారంలో ఒక గంట ఇచ్చినా చాలు. చందా బాకీ ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు కట్టేయాలి. కొత్త కమిటీకి నామినేషన్ ఫారాలు, వాలంటీర్ల రిజిస్టరు రెండూ సంఘం హాల్లో, తరగతి జరిగే మధ్యాహ్నాల్లో దొరుకుతాయి.

— కార్యదర్శి, కమిటీ తరఫున