మదనపల్లె అంటే ఒక్క టమాటానేనా?

ఒరే మామా,

నీ మెసేజ్ చూసినా. వచ్చే నెల పిల్లోళ్లని తీసుకోని బెంగళూరు వస్తా, ఒకరోజు మనూరు చూపించి అట్నే హార్స్‌లీ హిల్స్ పోయి వచ్చేద్దాం అంటివే, దానికే ఇంత పొడుగు ఉత్తరం, ఫోన్లో చెప్తే నువ్వు వినవు. కొండకి తర్వాత పోదాం రా. ఇక్కడ మారతహళ్లిలో మా ఆఫీసోళ్లంతా చేసేది అదే, శనివారం తెల్లారేసరికి కార్లేసుకోని హోస్కోట, చింతామణి దాటి మదనపల్లె మీదుగానే కొండకి పోతారు, కారద్దం కూడా దించరు. ఏమయ్యా ఊరు చూసినారా అంటే "ఆ, టమాటా ఊరు కదా" అంటారు, ఒళ్లు మండిపోతుంది నాకు.

టమాటా ఊరే, కాదనను. పిల్లోళ్లని పొద్దున్నే మార్కెట్ యార్డుకి తీసుకుపో, మండీల ముందర క్రేట్లు, వేలం పాటలు, లారీలు, ఆ సందడి చూస్తే వాళ్లు ఫోన్లు పక్కన పెడతారు. 2023 జూలైలో కిలో 200 దగ్గరికి పోయినప్పుడు అపార్ట్‌మెంట్లో అందరూ నన్నే పట్టుకున్నారు, ఏదో మా నాయిన తోట నుంచి బస్తాలు దించుతానన్నట్టు. అదే కాయ ఇంకో సీజన్లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసేది మనం చూళ్లేదా? ఆ రెండూ చెప్పు వాళ్లకి.

కానీ ముందు బీటీ కాలేజీ, అంటే బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ. అనీ బిసెంట్ 1915లో పెట్టించింది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడికొచ్చినాడు కదా, జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం అందరి ముందర జనగణమన ఆయనే పాడితే కజిన్స్ భార్య మార్గరెట్, ఆమె సంగీతంలో డిగ్రీ చేసినామె, దాన్ని స్వరాల్లో రాసిపెట్టింది, ఇంగ్లీషు అనువాదం టాగూరే ఫిబ్రవరి 28న రాసిచ్చినాడు. పాట మన ఊర్లోనే పుట్టిందని మనోళ్లు కొందరు కోస్తారు చూడు, అది నేనొప్పుకోను, 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడేసినారు. స్వరం కాగితమ్మీదికి ఎక్కింది, అనువాదం అయ్యింది ఇక్కడ, అది చాలదా? 1950లో జాతీయగీతం అయిన పాట రా! ఇంకో ఊరైతే బస్టాండ్ నుంచే బోర్డులు కట్టుకునేవాళ్లు.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మనూర్లోనే, 1895 మేలో, ఆయనేమో ప్రపంచమంతా గురువు గురువు అంటుంటే 1929లో తనకోసం పెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ అనే సంస్థనే రద్దు చేసి బయటికొచ్చేసినాడు. ఆయన పెట్టించిన రిషి వ్యాలీ స్కూలు ఎట్లా కొండకి పోయే వైపే, కానీ అది పిల్లలుండే స్కూలు, పర్మిషన్ లేకుండా చొరబడకూడదు, నువ్వు ముందే కనుక్కో.

ఆరోగ్యవరం శానిటోరియం చెట్ల కింద కాసేపు నడిపించాలని నాకుంది. అది కూడా 1915దే. టీబీకి మందే లేని రోజుల్లో ఈ పొడిగాలి, తిండి, విశ్రాంతి, అదే వైద్యం, ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలలకొద్దీ పడుకునేవాళ్లు.

చెల్లెమ్మకి నీరుగట్టువారిపల్లె. మగ్గాల దగ్గరే పట్టుచీర చూసి కొనొచ్చు, నీ జేబు సంగతి నాకు తెలీదు. మధ్యాహ్నం ఖచ్చితంగా సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. బెంగళూరులో రాయలసీమ రుచులు అని బోర్డు పెట్టి ఇచ్చే సంగటి తిని నోరు చచ్చిపోయింది నాకు.

అప్పుడు, సాయంత్రం పూట, కొండ. కడప కలెక్టర్ హార్స్‌లీ దొర ఎండలకి తట్టుకోలేక బంగళా కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు, మా అవ్వకి మాత్రం చివరిదాకా ఏనుగు మల్లమ్మ కొండే. అది చెప్పే పని నాది, పిల్లోళ్లకి కథ బాగుంటుంది.

ఆదివారం వద్దు రా, ట్రాఫిక్‌లో తిరిగొచ్చేసరికి ప్రాణం పోతుంది. శుక్రవారం లీవు పెడతా. కారు నాది, పెట్రోలు నీది, తేదీ చెప్పు.

నీ
మామ