అటకెక్కిన క్యాసెట్ల గురించి సాంస్కృతిక శాఖ మంత్రి గారికి

తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సర్కారు ఉత్సవాల్లో ఒగ్గుడోలు బృందాలు మీ ఎదుట చాలాసార్లు ఆడే ఉంటాయి. వేదిక మీద వాళ్లకు దొరికేది ఏ పది నిమిషాలో. డోలు విన్యాసం చూస్తాం గానీ, కథ వినం. డోలు వాయిస్తూ పాడి చెప్పే ఒగ్గుకథల్లో మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రంతా నడిచేవి. కథకుడు ఆపిన చోట వంత పాడేవాళ్లు అందుకోవాలి, మధ్యలో ఊరి పెద్దకు ఓ చురక తగలాలి, జనం కునుకు తీస్తుంటే డోలు ఊపందుకోవాలి. అలా పూర్తిగా చెప్పించుకునే ఊళ్లు తగ్గుతున్నాయి. 2017లో పోయిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారి తరం కథనం రాత్రంతా ఎలా సాగేదో వినాలంటే పాత రికార్డింగులే దిక్కు.

1950ల్లో బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసేనాటికి పాటను కాగితం మీదికి ఎక్కించడమే పెద్ద పని. తర్వాతి తరాలు టేప్ రికార్డర్ పట్టుకుని ఊళ్లు తిరిగాయి. డాక్టరేట్లు వచ్చాయి, సిద్ధాంత గ్రంథాలు లైబ్రరీకి చేరాయి, రికార్డు చేసిన క్యాసెట్లు పరిశోధకుల ఇళ్లలో అటకెక్కాయి. ఇప్పుడు ప్రదర్శన కళల మీద పనిచేసే వాళ్లకు అచ్చయిన పాఠం ఒక్కటే చాలదు. రాగం ఎక్కడ మారింది, జనం ఏ మాటకు నవ్వారు, ఎవరి వాకిట్లో ఏ ఘట్టాన్ని పెంచి చెప్పారు? ఇవి టేపులోనే ఉంటాయి. డక్కలివాళ్లు మాదిగలకు చెప్పే జాంబపురాణం, కూనపులివాళ్లు పద్మశాలీలకు చెప్పే మార్కండేయ పురాణం ఆ కులాలు తమ గురించి తాము చెప్పుకున్న చరిత్రలు. శాసనాల్లో వెతికితే దొరికేవి కావు.

టేపు మీది పూత తేమకు జిగురుగా మారుతుంది, బూజు పడుతుంది. టేపు బాగున్నా దాన్ని వినిపించే మిషన్ దొరకదు, రిపేరు చేసే మెకానిక్ అసలే దొరకడు. 2025 దాటితే ఈ టేపులను పెద్ద ఎత్తున డిజిటల్‌లోకి మార్చడం కష్టమని యునెస్కో ముందే హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది. విదేశీ పరిశోధకులు తీసుకెళ్లిన మన సంగీతం రికార్డింగుల కాపీలను తిరిగి ఇక్కడికి రప్పించాలని 1982లోనే ఓ ఆర్కైవ్ పెట్టారు, అదిప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. మనం అంత దూరం పోనక్కర్లేదు, హన్మకొండ, హైదరాబాద్‌లలో పరిశోధకుల ఇళ్లలోంచి ఈ క్యాసెట్లను రప్పించుకుంటే చాలు.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అక్కడ ఓ గది, టేపులు వినిపించే, బాగుచేసిన రెండు మూడు టేప్ డెక్కులు, పని తెలిసిన మనుషులు కావాలి. మిషన్ల కన్నా తొందర మరొకటుంది. పాడింది ఎవరు, వంత ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నది రికార్డు చేసిన వాళ్లకే తెలుసు. వాళ్లు రిటైరై చాలాకాలమైంది. వాళ్లను ఇప్పుడే కూర్చోబెట్టి రాయించండి.

డిజిటల్ కాపీ ముందు కళాకారుల కుటుంబాలకు అందాలి. వాళ్లు సరేనంటేనే ఇంటర్నెట్‌లో పెట్టాలి, ఎందుకంటే పూజలో మాత్రమే పాడే ఘట్టాలు కొన్ని ఉంటాయి. సినిమా వాళ్లు బాణీ తీసుకుంటే డబ్బు ఆ కుటుంబాలకే చేరాలి.

బడ్జెట్‌కు టైం పడుతుందంటారా, ఈలోగా ఒక్క ఉత్తర్వు ఇవ్వండి: ప్రభుత్వ ఫెలోషిప్‌తో పరిశోధించే ప్రతి విద్యార్థీ తన రికార్డింగుల కాపీని, వివరాలతో సహా, ఆ పీఠంలో జమ చేయాలని.

ఇట్లు,
జానపద కళల పరిశోధక విద్యార్థి