సరుకైనా రోజులైనా లెక్క ఒకటే

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. సప్లై చైన్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కలిపి పీజీ చేస్తే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుందేమో అని రాశావు. ఆ భయం వద్దు, చేరిపో. నన్నడిగితే ఈ రెండింటినీ విడగొట్టి చదవడమే నష్టం. ఎందుకో వివరంగా రాస్తాను, తీరిగ్గా చదువు.

నా చదువు మొదట్లోనే మా చేత బీర్ గేమ్ ఆడించారు. 1960ల నుంచి అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో ఆడిస్తున్న ఆట ఇది. రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నలుగురు వరుసగా కూర్చుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డర్ చీటీ మాత్రం పంపాలి. సరుకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. కొనేవాళ్ల గిరాకీ వారానికి 4 కేసుల నుంచి 8కి ఒక్కసారి పెరిగి అక్కడే ఆగిపోతుంది. ఇంకే మార్పూ ఉండదు. అయినా ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి ఆర్డర్లు ఎక్కడికో ఎగిరిపోతాయి, తర్వాత వారాల తరబడి ఒక్కటీ రాదు. ఎవరూ తెలివితక్కువగా ఆడరు, ఎవరి చోట నుంచి చూస్తే వాళ్లది సబబే. ఆలస్యం, సమాచారం లేకపోవడం కలిసి ఆ పని చేస్తాయి. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ డైపర్లలోనూ ఇదే బయటపడింది: పసిపిల్లల వాడకం దాదాపు నిలకడగానే ఉంటుంది, ఆర్డర్లేమో ఊగిపోతుంటాయి.

ఇక ప్రాజెక్టుల వైపు. క్రిటికల్ పాత్ పద్ధతి (ప్రాజెక్టు ఎన్నాళ్లు పడుతుందో తేల్చే పనుల వరుసను పట్టుకునే లెక్క) 1957లో డ్యూపాంట్‌లో మొదలైంది, పనులకు పట్టే రోజుల్ని అంచనా వేసే పెర్ట్ పద్ధతి 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం వచ్చింది. ఈ చరిత్ర పరీక్షకు చాలు. నన్ను నిజంగా పట్టేసింది ఒక చిన్న లెక్క. ఒక మెషీన్ బిగించడానికి 10 భాగాలు రావాలనుకో. ఒక్కొక్కటి టైముకి వచ్చే అవకాశం 90 శాతం, ఒకదాని ఆలస్యానికి మరొకదానితో సంబంధం లేదు. అన్నీ టైముకి వచ్చే అవకాశం ఎంతో తెలుసా? దాదాపు 35 శాతం! షెడ్యూల్‌లో 'సామగ్రి రాక' అని ఒక్క గీత గీసి ఊరుకునేవాడికి ఇది కనపడదు. సప్లయర్లను ఎరిగినవాడికి కనపడుతుంది.

అసలు అందం మాత్రం వర్గమూలంలో ఉందిరా. ఒకే తీరు గిరాకీ ఉన్న నాలుగు గోదాముల్లో విడివిడిగా పెట్టే సేఫ్టీ స్టాక్‌ని (గిరాకీ అనుకోకుండా పెరిగితే ఆదుకునే అదనపు సరుకు) ఒకేచోట పెడితే సగం సరిపోతుంది (ఒక గోదాముకి కావాల్సినదానికి నాలుగింతలు కాదు, నాలుగుకి వర్గమూలమైన రెండింతలే చాలు), ఆ గిరాకీలు ఒకదానితో ఒకటి ముడిపడకుండా మారుతుంటే. మేనేజ్‌మెంట్ రచయిత గోల్డ్‌రాట్ 1997లో క్రిటికల్ చైన్ అని చెప్పింది ప్రాజెక్టుల్లో దీనికి జోడే. ప్రతి పనిలోనూ దాచుకున్న అదనపు రోజుల్ని తీసేసి, అంతకంటే తక్కువ రోజుల్ని ఒకే బఫర్‌గా ప్రాజెక్టు చివర పెట్టమన్నాడు. ఇది అర్థమైన రోజు నాకెంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. అందుకే రెండూ కలిపి చదవమంటున్నాను.

సప్లయర్లను ఎరిగి ఉండటం విలువ ఎంతో చూడాలంటే 2000 మార్చి సంగతి చాలు. అమెరికాలోని ఆల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగు వల్ల మంటలు లేచి, కాసేపట్లోనే ఆరిపోయాయి. కానీ దుమ్ము చేరకుండా చిప్స్ తయారయ్యే క్లీన్‌రూమ్ పాడైంది. అక్కడి చిప్స్ కొనే ఫోన్ కంపెనీల్లో నోకియా వెంటనే వేరే దారులు వెతుక్కుంది. ఎరిక్‌సన్ ఆ చిప్‌కి ఆ ఒక్కచోటు మీదే ఆధారపడింది, దాదాపు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోగొట్టుకుంది.

చేరే ముందు స్టాటిస్టిక్స్ గట్టిగా చూసుకో. సగటుతో తృప్తి పడకు, ఎంత అటూఇటూ అవుతోందో చూడటం అలవాటు చేసుకో. లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న వనరులతో మేలైన ఫలితం ఏదో తేల్చే లెక్క) కూడా కావాలి. సాఫ్ట్‌వేర్ల గురించి టెన్షన్ పడకు, అవి ఉద్యోగంలోనూ వస్తాయి. పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్‌కి ప్రాజెక్టులు నడిపిన అనుభవం అడుగుతారు కాబట్టి దాన్ని తర్వాత చూద్దువుగాని, కొత్తవాళ్ల సర్టిఫికెట్ సీఏపీఎంకి ఆ షరతు లేదు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుని మాత్రం ఏదైనా కంపెనీ అసలు డేటాతో చేయించే కోర్సునే ఎంచుకో. ఫీజు కాస్త ఎక్కువైనా నా ఓటు దానికే.

నీకు వచ్చిన రెండు సీట్ల సిలబస్‌లూ ఎలక్టివ్‌లతో సహా పంపు. ఇన్వెంటరీ థియరీ, రిస్క్ ఎనాలిసిస్ ఎందులో ఉన్నాయో ముందు చూస్తాను.

నీ
రవి