సూది వేసే రోజున మెడ కూడా చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది హిందూపురం. అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో, కాన్పు కూడా ఇక్కడే కావడంతో వచ్చి కె.ఆర్.పురంలో ఉండిపోయాను. మనవడికి నీళ్లు పోసేటప్పుడు మెడ ఎడమ మడతలో పాలు పులిసి ఎర్రగా ఒరుసుకుపోయి ఉండేది, కుడివైపు మాత్రం శుభ్రంగా ఉండేది. బొద్దుగా ఉన్నాడు కదా అని పొడి గుడ్డతో అద్ది ఊరుకున్నాను. ఎడమ రొమ్ము హాయిగా తాగి, కుడివైపు మారిస్తే గుక్కపట్టి ఏడ్చేవాడు. పాలు చాలట్లేదేమోనని అమ్మాయిని నేనే నాలుగు మాటలన్నాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఏ ఫోటో చూసినా తల ఎడమకు వాలి, గడ్డం కుడికి తిరిగి ఉండేది. తల వెనక కుడివైపు చదునవుతోందని ఆవాల దిండు కూడా కుట్టాను (అది తీసేయమని తర్వాత డాక్టరే చెప్పారు).

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు వేళకు వేయించాం. మూడుసార్లూ బరువు చూశారు, సూది వేశారు, పంపేశారు. మెడ అటూ ఇటూ తిప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగో నెలలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే అప్పుడు తెలిసింది, చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే కండరం ఎడమవైపు బిగుసుకుపోయిందని, దాన్ని టార్టికాలిస్ అంటారని. ఇలాంటి పిల్లల్లో కొందరికి తుంటి కీలు కూడా సరిగా ఉండదట, అదీ చూసి బాగుందన్నాక మాకు టెన్షన్ తగ్గింది.

ఫిజియోథెరపిస్టు నేర్పింది చూస్తే, ఇంత చిన్నదా అనిపించింది. ఎడమ భుజం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, కుడి చెవి కుడి భుజం వైపు వాలేలా తలను మెల్లగా వంచడం, గడ్డాన్ని ఎడమ భుజం వైపు తిప్పడం, గిలక్కాయ ఎడమవైపే ఆడించడం, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయడం. డైపర్ మార్చినప్పుడల్లా చేశాం. బలవంతంగా లాగకూడదు, నీళ్లు పోసే ఆవిడ చేతికి అసలే వదలకూడదు.

నా బాధ ఆలస్యం గురించే. అమెరికా ఫిజికల్ థెరపీ నిపుణుల 2018 మార్గదర్శకాల ప్రకారం నెల నిండకముందే మొదలుపెడితే నూటికి 98 మందికి నెలన్నరలో మెడ దాదాపు మామూలుగా తిరుగుతుంది, ఆరు నెలలు దాటాక మొదలుపెడితే తొమ్మిది, పది నెలలు పట్టొచ్చు. మనకు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు ముందే కనిపెట్టే ప్రభుత్వ పథకం. అందులో వంకర పాదం, తుంటి కీలు చూస్తారు, ఈ మెడ పేరు మాత్రం జాబితాలో లేదు. ఆసుపత్రిలో కాన్పయితే పుట్టిన 42 రోజుల్లో ఆశా కార్యకర్తలు ఆరుసార్లు ఇంటికి రావాలన్న పద్ధతి ఉండనే ఉంది. వాళ్లకు ఈ ఒక్క పరీక్ష నేర్పడానికి ఎంతసేపు పడుతుంది? కర్ణాటక ఆరోగ్యశాఖ వారు తాయి కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) 'మెడ రెండువైపులా సమానంగా తిరుగుతోందా' అని ఒక్క గడి చేర్చాలి, కన్నడంతో పాటు తెలుగు, తమిళంలోనూ ఒక కాగితం అచ్చువేసి టీకా వేసే చోట తల్లుల చేతికివ్వాలి.

- ఒక అమ్మమ్మ, కె.ఆర్.పురం, బెంగళూరు