ఎర్ర మందారాలు ఈసారి రావు, ఎందుకో చెప్తాను

అక్కలూ, చెల్లెళ్ళూ, పర్లాకిమిడి నుంచి రాస్తున్నా. గత నెల నా దగ్గర కాగితంతో చేసిన ఎర్ర మందారాల ప్యాకెట్లు కొన్నవాళ్ళు ముందు ఇది చదవండి. తేడా వచ్చింది కాగితంలో, కానీ మీకు అమ్మింది నేను, అందుకే చెప్పాల్సింది కూడా నేనే.

నా పువ్వులు అర అంగుళం దాటవని మీకు తెలుసు. మనం చేత్తో చేసి ఒకరితో ఒకరు మార్చుకునే 2.5 అంగుళాలకి 3.5 అంగుళాల ట్రేడింగ్ కార్డు మీద అంతకన్నా పెద్దవి పెడితే ఇంకేటి పడతాది? అంత చిన్న పువ్వులో కత్తిరించిన అంచే సగం కనపడుతుంది, అందుకే నాకు కావాల్సింది గుజ్జులోనే రంగు కలిపి చేసిన కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం), చింపినా లోపల కూడా ఎరుపే ఉండాలి. నాలుగేళ్ళుగా ఒక్కరి దగ్గరే తెప్పిస్తున్నా. ఈసారి వచ్చిన కట్ట మీద పేరు అదే, రేటు అదే, పైకి రంగూ అదే, లోపల మాత్రం తెల్లగా ఉంది, అంటే తెల్ల కాగితానికి పైపైన రంగు పూసి పంపించారు. రాత్రిపూట బల్బు కింద కత్తిరించాను, నా కంటికి ఆనలేదు. బరంపురం నుంచి ఒక చెల్లెలు ఫోటో పెట్టింది, రేకుని ట్వీజర్‌తో పైకి లేపితే మడత దగ్గర తెల్ల గీత. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

కాగితం పంపించినాయనకి ఫోన్ చేస్తే కట్ట విప్పేశారు కదా వాపసు తీసుకోం అన్నాడు. అది వ్యాపారం, ఒప్పుకుంటా. తర్వాత ఇంకో మాట అన్నాడు, "అంత చిన్న ముక్కలో ఎవరు చూస్తారమ్మా" అని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. చిన్నది కాబట్టే జనం కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తారు బాబూ! మా ఊళ్ళో గంజప్ప కార్డులు, అంటే చేత్తో బొమ్మలేసిన గుండ్రటి పేకముక్కలు, చేసేవాళ్ళు పాత బట్ట పొరల్ని చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పట్టించి, అట్ట తామే తయారు చేసుకుని ఆ తర్వాతే బొమ్మ మొదలుపెడతారు. ఆ ఊరిదాన్నై ఉండి కట్ట మీద పేరు చూసి నమ్మేశాను, ఒక్క మూల చింపి చూడలేదు.

అప్పటికే ఇంకో 62 పువ్వులు చేసి డబ్బాలో పెట్టి ఉన్నాయి, అన్నీ ఆర్డర్లవే. మూడు రాత్రులు వాటి ముందే కూర్చున్నా. సన్న బ్రష్‌తో అంచులకి ఎర్ర రంగు వేసి చూశా, నిజంగానే బాగున్నాయి, మా అత్తయ్య కూడా ఇంక పంపించెయ్ అన్నారు, రెండు వారాల పని అది, డబ్బులు కూడా అవసరమే. కానీ మీలో చాలామంది పువ్వు చేతికి రాగానే రేకులు వంచి మీకు నచ్చిన రూపు తెచ్చుకుంటారు, వంచిన చోటల్లా పైరంగు పగిలి మళ్ళీ తెలుపు బయటికొస్తుంది, నేను వేసిన రంగు అంచు వరకే కదా. నాలుగో రోజు పొద్దున్న డబ్బా మూసేశా. ఒక్కటి కూడా పంపట్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది. 1997లో జూరిచ్‌లో వాంచి స్టిర్నెమాన్ అనే స్విస్ కళాకారుడు ఈ ట్రేడింగ్ కార్డుల పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచి మాట ఒక్కటే, కార్డు అమ్మకూడదు, చేతికి చెయ్యి మార్చుకోవాలి. నేనూ పువ్వులూ గ్రీటింగ్ కార్డులే అమ్ముతాను గానీ ట్రేడింగ్ కార్డు ఏనాడూ అమ్మలేదు. అలా చేతులు మారి, మీరు నా మందారం అతికించిన కార్డు ఇప్పటికే ఇంకొకరి ఆల్బమ్‌లో ఉండొచ్చు, కింద మీ పేరుతో. మీకు డబ్బు తిరిగిస్తే నా లెక్క తీరుతుందేమో గానీ ఆ కార్డు బాగవదు కదా.

అందుకని కొన్న ప్యాకెట్‌కి పూర్తి డబ్బు ఇచ్చేస్తా, ఫోటో ఒక్కటి పంపండి చాలు, పువ్వులు తిరిగి పంపక్కర్లేదు. సరైన కాగితం దొరికాక కొత్త మందారాలు మీకూ, మీ కార్డు తీసుకున్నవాళ్ళకీ పంపుతా, పోస్టు ఖర్చు నాదే. అప్పటిదాకా తెల్ల కాగితంతో మల్లె, నందివర్ధనం, ఖాకీ క్రాఫ్ట్ కాగితంతో ఆకులు, పిట్టలు మాత్రమే చేస్తా, వాటికి లోపలా బయటా ఒకటే రంగు. గ్రీటింగ్ కార్డుల ఆర్డర్లు వారం ఆలస్యం అవుతాయి, రేట్లు మారవు.

మెషిన్‌తో కోసిన రెడీమేడ్ పువ్వులు తెచ్చి అమ్మొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తేను. కొత్త కాగితం నమూనాలు రెండు చోట్ల నుంచి వస్తున్నాయి, ఈసారి ప్రతి షీటూ మూల చింపి, తడి వేలితో రుద్ది చూసి, ఆ చింపిన ముక్క ఫోటో మీకు చూపించాకే కత్తెర పడతాను.