కట్టమంచిలో ఆనందాచార్యుల శిలాఫలకం: పేరు ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం.

చిత్తూరులో కట్టమంచి అనగానే అందరికీ గుర్తొచ్చేది సి.ఆర్. రెడ్డి గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. ఊరిపేరే ఇంటిపేరు కాబట్టి అది సహజమే. కానీ ఆయనకంటే 37 ఏళ్లు ముందు, 1843లో, అదే కట్టమంచిలో పనపాకం ఆనందాచార్యులు పుట్టారు. దక్షిణాది నుంచి కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన మొదటి మనిషి ఆయనే. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు ఆయన ఒక బిట్ మాత్రమే, '1891 నాగపూర్' అని బట్టీ పట్టి పరీక్షలో రాసేసి మర్చిపోతారు, ఆ మనిషి మన ఊరివాడే అని ఎంతమందికి తెలుసో చెప్పండి. ఆయన పేరిట కట్టమంచిలో, నలుగురూ నడిచే దారిలో, చదివితే అర్థమయ్యే ఒక మంచి శిలాఫలకం ఉండాలనేది నా విన్నపం.

ఆయన చేసింది చిన్న పని కాదు. చిన్నతనంలోనే మద్రాసు వెళ్లి, చదువుకుని, హైకోర్టులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. బాగా ప్రాక్టీసు ఉన్న వకీలు, హాయిగా తన పని తాను చూసుకోవచ్చు. అలా చేయకుండా 1884లో వీరరాఘవాచారి, జి. సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటివాళ్లతో కలిసి మద్రాసు మహాజన సభ పెట్టారు. జిల్లాల్లో ఉన్న చదువుకున్నవాళ్లను ఒకచోటికి చేర్చి, పన్నులు, పరిపాలన, శాసనసభల్లో మనవాళ్లకు చోటు లాంటి విషయాల మీద ప్రభుత్వాన్ని అడగడం నేర్పిన సభ అది. కాంగ్రెస్ పుట్టడానికి ఏడాది ముందే మద్రాసులో ఇదంతా మొదలైందని ఇవాళ ఎవరూ చెప్పుకోవడం లేదు. మరుసటి ఏడాది డిసెంబరులో బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో తొలి కాంగ్రెస్ మహాసభ జరిగితే, అక్కడ కూర్చున్న 72 మంది ప్రతినిధుల్లో మన ఆనందాచార్యులు ఒకరు. ఆరేళ్లకు నాగపూర్‌లో ఏడో మహాసభకు ఆయనే అధ్యక్షత వహించారు. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆరుగురిలో దాదాభాయ్ నౌరోజీ, ఫిరోజ్‌షా మెహతా లాంటివాళ్లున్నారు, ఇద్దరు బ్రిటిష్ వాళ్లు కూడా ఉన్నారు, దక్షిణాది మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

ఇక ఫలకం ఎలా ఉండాలన్నదే నా అసలు బాధ. మన ఊళ్లలో శిలాఫలకాలు చూడండి. నల్లరాయి మీద పైన ఆవిష్కరించిన వారి పేరు పెద్ద అక్షరాల్లో, కింద అధ్యక్షత వహించిన వారు, ఆ కింద విశిష్ట అతిథులు, గౌరవ అతిథులు, చివర ఇంజినీరు, కాంట్రాక్టరు. ఎవరి కోసం రాయి నిలబెట్టారో ఆయన పేరు ఒక లైన్లో ఉంటుంది, ఆయన ఏం చేశారో అసలు ఉండదు. అక్షరాల్లో నింపిన పసుపు రంగు కొన్నాళ్లకు ఊడిపోతుంది, ముందు ఫ్లెక్సీ కడతారు, దాంతో అక్కడ రాయి ఉందన్న సంగతే తెలియకుండా పోతుంది. ఆనందాచార్యులకు ఇలాంటిది పెట్టేటట్టయితే దయచేసి పెట్టకండి. ఆయన రాయి మీద ఆయన పేరు తప్ప ఇంకెవరి పేరూ ఉండకూడదు. ఆవిష్కరించిన వారి ఫోటో మర్నాడు మీ పత్రికలోనే వస్తుంది, వాళ్లకు అది చాలు.

రాయి మీద ఏం రాయాలో నేనే ఒక ముసాయిదా రాశాను, బాగుంటే వాడుకోండి:

"పనపాకం ఆనందాచార్యులు (1843–1908). కట్టమంచిలో పుట్టారు. మద్రాసు హైకోర్టు వకీలు. 1884లో మద్రాసు మహాజన సభ స్థాపకుల్లో ఒకరు. 1885లో తొలి కాంగ్రెస్ మహాసభకు వెళ్లిన 72 మందిలో ఒకరు. 1891లో నాగపూర్ కాంగ్రెస్ అధ్యక్షులు; దక్షిణ భారతం నుంచి ఆ స్థానం అందుకున్న మొదటివారు. ప్రభుత్వం నుంచి రాయ్ బహదూర్, సి.ఐ.ఇ. బిరుదులు పొందారు."

ఆ చివరి వాక్యం ఎందుకని కొందరు అడగొచ్చు. బ్రిటిష్ బిరుదులు తీసుకున్న మనిషికి శిలాఫలకమా అని వాదించేవాళ్లూ ఉంటారు. నేను మాత్రం అది దాచకూడదంటాను. అప్పటి కాంగ్రెస్ స్వరాజ్యం కావాలనలేదు, రాణిగారి మీద విధేయత చెబుతూనే, అర్జీలు పెట్టుకుంటూ, తీర్మానాలు చేస్తూ హక్కులు అడిగింది. ఇవాళ మనకు అది మెతకగా కనిపించొచ్చు, కానీ ఒక దేశం మొత్తం మీద నుంచి మనుషులు ఒక గదిలో కూర్చుని ప్రభుత్వాన్ని ప్రశ్నించడమే అప్పటికి కొత్త. 1892లో శాసన మండళ్లను కాస్త పెంచుతూ చట్టం వచ్చిందంటే దాని వెనక ఈ అర్జీల ఒత్తిడి కూడా ఉంది. 1907 చివర్లో సూరత్‌లో కాంగ్రెస్ రెండుగా చీలింది, 1908 మొదట్లోనే ఆయన కన్నుమూశారు, గాంధీగారి కాలం ఆయన చూడనే లేదు. ఆయన్ని ఆయన కాలంలో పెట్టి చూపిస్తే చాలు, లేని విప్లవకారుడిని చేయక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలంటే, నా మటుకు కట్టమంచి చెరువు దగ్గరే మేలు, జనం తిరిగే చోటు. ఏదో ఆఫీసు కాంపౌండు లోపల పెడితే ఎవరు చూస్తారు? తెలుగు పైన, ఇంగ్లీషు కింద ఉండాలి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పేరు ఆనంద చార్లు అని ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు భాగంలో అలాగే రాస్తే, వెతికేవాళ్లకు ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. అక్షరాలు రంగుతో కాకుండా లోతుగా చెక్కించాలి, చిన్నపిల్లలు నిలబడి చదివే ఎత్తులో ఉండాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ఊళ్లో నలుగురు తలా కొంచెం వేసుకున్నా అయిపోతుంది, నా వంతు నేనిస్తాను. కాకపోతే చెక్కకముందు ఆ రాతను చరిత్ర చెప్పే లెక్చరర్లకు ఒకసారి చూపించి, తేదీలు, పేర్లు సరిచూపించండి. ఒకసారి ఉలి పడ్డాక తప్పు దిద్దాలంటే ఇంకో బండ కొనాల్సిందే.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు