భజన మందిరం బీరువాల్లోని పుస్తకాలు ఫోటోలతో ఆగిపోకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు భజన మందిరాల్లోనూ పాత ఇళ్లలోనూ ఉన్న శతకాలు, పారాయణ గ్రంథాలు ఇప్పుడు పీడీఎఫ్‌లై వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఉత్సాహం మంచిదే గానీ తీస్తున్న తీరు చూస్తే మనసు కలుక్కుమంటోంది. ముఖపత్రం ఉండదు, చివరి పుటలు ఉండవు. ఏ అచ్చుకూటం, ఏ సంవత్సరం, పరిష్కర్త ఎవరు అన్నది తెలియని ప్రతిని పట్టుకుని పాఠభేదం, అంటే ప్రతికీ ప్రతికీ మాటల్లో వచ్చే తేడా, తేల్చలేం. అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పుటలతో సహా తీయాలి.

దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌లో ఒక్క పేజీయే తెర నిండా పడితే డెమీ సైజు పుస్తకానికి అంగుళానికి 300 చుక్కల పైనే వస్తాయి. ఫ్లాష్ వద్దు. రెండు పక్కలా 45 డిగ్రీల వాలున రెండు దీపాలు, అడుగున నల్లగుడ్డ చాలు. పాత కాగితం ఆమ్లగుణం వల్ల పెళుసెక్కి ఉంటుంది, పుస్తకాన్ని బల్లపరుపుగా విరిచి పరిస్తే కుట్టు దగ్గరే తెగుతుంది. చిరుగులకు సెలోటేపు వేయకండి, కొన్నేళ్లకు ఆ జిగురు పచ్చబడి కాగితాన్ని పాడుచేస్తుంది. లామినేషన్ అసలే కూడదు, మళ్లీ ఊడదీయలేం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. అన్నిటికన్నా ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఆ పుస్తకం ఇప్పటికే ఉందేమో చూసుకోవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి. పేర్లు రోమన్ లిపిలో, తరచూ తప్పులతో ఉంటాయి కాబట్టి మూడు నాలుగు స్పెల్లింగులతో వెతకాలి.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బొమ్మలో పద్యం వెతకలేం, అక్షరం పెద్దది చేసి మళ్లీ అచ్చు వేయలేం. యూనికోడ్ పాఠం, అంటే కంప్యూటర్ బొమ్మగా కాక అక్షరాలుగా గుర్తించే పాఠం, కావాలి. గూగుల్ డ్రైవ్ గానీ టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ గానీ బొమ్మ నుంచి తెలుగు అక్షరాలు తీసి ఇస్తాయి. అయితే పాత అచ్చులో ప-వ-ష, మ-య, ద-ధ-థ కలిసిపోతాయి, అరసున్నలు రాలిపోతాయి, వత్తులు జారిపోతాయి. నిత్యం పారాయణ చేసే పాఠంలో ఇది చిన్న తప్పు కాదు, తప్పు ప్రతి ఒకసారి చేతికి వస్తే తప్పే నోటికి పడుతుంది. పద్యానికి మాత్రం మన పూర్వులే కాపలా పెట్టి వెళ్లారు. వత్తు పోతే దాని వల్ల గురువైన ముందటి హ్రస్వాక్షరం లఘువైపోయి గణం చెడుతుంది. ప్రాస నియమం ఉన్న పద్యాల్లో పాదం రెండో అక్షరం తప్పితే ప్రాస పట్టిస్తుంది. ఉత్పలమాలలో 10, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14వ అక్షరం దగ్గర యతి కుదరకపోతే అసలు ప్రతి తెరవాల్సిందే. అయితే పాదం మధ్యలో ‘ద’కు బదులు ‘ధ’ పడితే గణాలు పట్టుకోలేవు, రెండూ ఒకే తూకం. అక్కడా, వచనంలోనూ ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రతి చూడడమే దారి. పాత పుస్తకాలను స్వచ్ఛందంగా అక్షరాల్లోకి ఎక్కించే తెలుగు వికీసోర్స్ వెబ్‌సైట్‌లో పుట మొదటి దిద్దుబాటుకు పసుపు గుర్తు, వేరొకరు మళ్లీ చూసి సరే అంటేనే ఆకుపచ్చ. ఆ పద్ధతి మందిరాలూ పెట్టుకోవాలి.

దేవుడి పుస్తకాన్ని కంప్యూటర్‌కు ఎక్కించడం అపచారమని కొందరు పెద్దలు వెనకాడుతున్నారు. మన కొండల్లోనే సవరల్లో ఒక వర్గం 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ అక్షరాలను దైవంగా కొలుస్తుంది. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది, పూజకు ఏ లోటూ రాలేదు.

హక్కుల సంగతి. రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు నిండితే పుస్తకం అందరిదీ. 1940లో కన్నుమూసిన గిడుగు రామమూర్తి గారి జీవితకాలంలో అచ్చయిన రచనలకు చిక్కు లేదు. పాత కావ్యానికి ఈ కాలపు పండితుడు రాసిన టీకా తాత్పర్యాల హక్కు మాత్రం వేరు, అడగకుండా వేయకూడదు.

మన పిల్లల్లో చాలామంది చదువు ఒడియాలో. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. యూనికోడ్‌లో తెలుగు, ఒడియా అక్షరాల వరస దాదాపు ఒకటే కాబట్టి యంత్రం ఒక్క క్షణంలో లిపి మార్చేస్తుంది. కానీ అలాగే అచ్చుకు ఇచ్చేయకండి. తెలుగు ‘య’ ఉన్న స్థానంలో ఒడియాలో ‘జ’గా పలికే అక్షరం ఉంది, యాదవుడు జాదవుడవుతాడు. చుక్క ఉన్న ‘య’తో మార్చాలి. ‘వ’కు వచ్చే అక్షరం ఒడియా వాడుకలో అరుదు, పిల్లలు గుర్తుపట్టరు. హ్రస్వ ఎ, ఒ ఒడియాలో లేనే లేవు, వాటి చోట ఖాళీ గళ్లు పడతాయి. దీర్ఘంతో సరిపెడితే మెడ కాస్తా మేడ అవుతుంది, కొన కోన అవుతుంది. దీర్ఘాక్షరం కిందే ఒక గీత పెట్టి హ్రస్వమని చూపవచ్చు. ఆ గుర్తు ఏదైనా సరే, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల భజన మందిరాల వారు అచ్చుకు ముందే ఒక్క మాట మీదికి రావాలి. మందిరానికో గుర్తు పెడితే ఒక ఊరి పుస్తకం పక్క ఊరి పిల్లలు చదవలేరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా